రెండు టైట్ ఎండ్లా, ఒక మేటి రిసీవరా? అఫెన్స్ అమర్చుకునే పద్ధతి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అఫెన్స్ (బంతితో ముందుకు సాగే వైపు) తరఫున మైదానంలో ఉండేది 11 మంది. ముందు వరసలో ఎదుటివాళ్లని అడ్డుకునే (బ్లాక్ చేసే) ఐదుగురు లైన్‌మన్లు, బంతిని అందించే లేక విసిరే ఒక క్వార్టర్‌బ్యాక్ పోగా మిగిలేవి ఐదు చోట్లు. ఆ ఐదింటిని ఎవరికి పంచుతారన్న దాని మీదే మిగతాదంతా నడుస్తుంది. ఒక చోటు రెండో టైట్ ఎండ్‌కి (బ్లాక్ చేయడం, బంతి పట్టడం రెండూ చేసేవాడికి) ఇస్తే జట్టు ఒకలా ఆడుతుంది, రిసీవర్‌కి (ముఖ్యంగా విసిరిన బంతి పట్టేవాడికి) ఇస్తే ఇంకోలా ఆడుతుంది. స్కూలు జట్టుకి కోచింగ్‌లో సాయం చేసేవాళ్లకీ, అమెరికాలో ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో పిల్లల్ని ప్రాక్టీసుకి దింపి గట్టు మీద నిలబడి చూసే అమ్మానాన్నలకీ, ఆదివారం టీవీ ముందు ‘ఇప్పుడు ఆ ప్లే ఎందుకు ఆడారు’ అని తల గోక్కునేవాళ్లకీ పనికొచ్చేలా ఈ ఎంపిక ఎలా చేయాలో, చేశాక మైదానంలో ఎలా నిలబెట్టాలో చూద్దాం.

ముందు ఒక మాట. రెండు టైట్ ఎండ్లు దిగితే డిఫెన్స్ కోచ్‌కి ‘ఎవర్ని దింపాలి’ అన్న దగ్గర చిక్కు వస్తుంది. మేటి రిసీవర్ దిగితే ‘దిగినవాళ్లని ఎక్కడ నిలబెట్టాలి’ అన్న దగ్గర చిక్కు వస్తుంది. మీ ఆటగాళ్లు ఈ రెండు చిక్కుల్లో ఏది నిజంగా తేగలరో చూసుకుని అటు మొగ్గాలి. పిండికొద్దీ రొట్టె.

అంకెల భాష

కోచ్‌లు ‘12 పర్సనెల్’ (మైదానంలోకి దింపే మనుషుల కలయిక) అంటే అందులో మొదటి అంకె రన్నింగ్ బ్యాక్‌ల (బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్ల) సంఖ్య, రెండోది టైట్ ఎండ్ల సంఖ్య. ఐదులోంచి ఈ రెండూ తీసేస్తే మిగిలేది వైడ్ రిసీవర్లు. అంటే 12లో ఒక బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్లు, ఇద్దరు రిసీవర్లు. 11లో ఒక బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు రిసీవర్లు. 13, 21, 22 అన్నీ ఇదే లెక్క. ఇప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఎక్కువ స్నాపులు (బంతిని వెనక్కి అందించగానే మొదలయ్యే ఒక్కో ప్లే) 11తోనే నడుస్తాయి. 2018లో లాస్ ఏంజిలిస్ రామ్స్ అయితే పది స్నాపుల్లో దాదాపు తొమ్మిది ఆ ఒక్క పర్సనెల్‌తోనే ఆడింది.

లైన్ చివర టాకిల్ (ఐదుగురు లైన్‌మన్లలో బయటివాడు) పక్కనే చెయ్యి నేలకానించి కూర్చునే టైట్ ఎండ్‌ని ‘వై’ అంటారు. కాస్త వెనక్కో పక్కకో జరిగి, కదులుతూ ఆడే రెండో టైట్ ఎండ్‌ని చాలామంది ‘ఎఫ్’ అంటారు. లైన్ మీద దూరంగా ఒంటరిగా నిలబడే రిసీవర్ ‘ఎక్స్’. రెండో వైపు లైన్‌కి ఒక యార్డు వెనక నిలబడేవాడు ‘జడ్’. యార్డు అంటే మన గజమే, మూడడుగులు.

డిఫెన్స్‌కి ఎక్కడ నొప్పి పుడుతుంది

లైన్‌మన్ల మధ్య సందుల్ని గ్యాప్‌లు అంటారు. నడిమి లైన్‌మన్ సెంటర్‌కి రెండు పక్కలా ఏ, అతని పక్కనున్న గార్డ్ దాటితే బి, టాకిల్ దాటితే సి. టైట్ ఎండ్ లేకపోతే మొత్తం ఆరు. ఒక టైట్ ఎండ్ లైన్‌కి అతుక్కుంటే ఏడు. రెండో వైపు ఇంకొకడు అతుక్కుంటే ఎనిమిది. రన్ (బంతితో పరుగు) ఆపాలంటే ప్రతి గ్యాప్‌కీ ఒక మనిషి కావాలి. కాబట్టి ఎనిమిది గ్యాప్‌లు పెట్టారంటే, వెనక లోతుగా కాపలా కాసే ఒక సేఫ్టీని లైన్ దగ్గరికి దించడమో, ఒకే మనిషికి రెండు గ్యాప్‌లు అప్పగించడమో డిఫెన్స్‌కి తప్పదు.

ఇంకో పక్క నుంచి చూడండి. మీరు 12తో వస్తే ఎదుటివాళ్ల ముందు రెండు దారులు. నలుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లతో (పాస్ ఆపే కార్నర్లు, సేఫ్టీలు) బేస్‌లో ఉండొచ్చు, ఐదుగురితో నికెల్‌లోకి వెళ్లొచ్చు. నికెల్‌కి వెళ్తే 85–90 కిలోల స్లాట్ (లైన్‌కీ బయటి రిసీవర్‌కీ మధ్య చోటు) కార్నర్ మీ 115 కిలోల వై ఎదురుగా రన్ ఆపాలి. బేస్‌లో ఉంటే లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ లైన్ వెనక నిలబడేవాడు) మీ ఎఫ్ వెంట ఖాళీ మైదానంలో పరుగెత్తాలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. క్రికెట్‌లో ఇద్దరు మంచి ఆల్‌రౌండర్లున్న జట్టును చూసి ఎదుటి కెప్టెన్ పడే తంటా లాంటిదే ఇది.

దీనికి నాకు తెలిసి అన్నిటికన్నా చక్కటి పాఠం 2018 సీజన్ సూపర్ బౌల్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్. నాలుగో క్వార్టర్ దాకా 3–3తో నడిచిన ఆ ఆటలో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ ఇద్దరు బ్యాక్‌లు, ఇద్దరు టైట్ ఎండ్లున్న బరువైన గుంపును దింపింది. రామ్స్ అందుకు తగ్గట్టు లైన్‌బ్యాకర్లను దింపారు. అప్పుడు పేట్రియాట్స్ ఆ గుంపునే మైదానం అడ్డంగా పరిచేసి, ఒకే పాస్ ప్లేను వరసగా మూడుసార్లు ఆడింది. మూడోసారి టైట్ ఎండ్ గ్రాంకౌస్కీ 29 యార్డుల క్యాచ్‌తో 2 యార్డుల గీత దగ్గర పడ్డాడు, తర్వాతి ప్లేలో టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం). దిగిన మనుషుల్ని చూస్తే రన్, నిలబడిన తీరు చూస్తే పాస్. ఎదుటివాళ్లు మనుషుల్ని చూసి దింపినవాళ్లు నిలబడే తీరుకి సరిపోలేదు.

మేటి రిసీవర్ తెచ్చే చిక్కు వేరు. అతను ఎటు నిలబడితే అటు రెండో సేఫ్టీ వాలాలి. అతని వల్ల మీకు దక్కేది అతను పట్టే బంతులు మాత్రమే అనుకుంటే సగం లెక్కే. అతని వైపు ఇద్దరు పోతే, మిగిలిన తొమ్మిది మంది మీ పది మందితో ఆడాలి. ఆ మిగులును వాడుకోలేని జట్టు ఎంత గొప్ప రిసీవర్‌ని తెచ్చుకున్నా మూడో డౌన్‌లో (10 యార్డులకి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఇరుక్కుంటుంది.

మనుషుల్ని తూచడం

పేపర్ మీద ‘టైట్ ఎండ్’ అని రాసి ఉన్న ఇద్దరు ఉంటే 12 ఆడొచ్చనుకోవడం మొదటి తప్పు. ఇద్దరిలో కనీసం ఒకడు డిఫెన్సివ్ ఎండ్‌ను (డిఫెన్స్ లైన్ చివరివాడిని) ఎవరి సాయం లేకుండా ఆపగలగాలి. ఇద్దరిలో కనీసం ఒకడు సేఫ్టీని మ్యాన్ కవరేజ్‌లో (ఒకరికి ఒకరు కాపలా కాసే పద్ధతి) ఓడించగలగాలి. రెండూ ఒకడే చేయగలిగితే అదృష్టం. బ్లాకూ అరకొర, క్యాచూ అరకొర అయిన ఇద్దరుంటే అది రెంటికి చెడ్డ రేవడి: నికెల్ మీద రన్ సాగదు, బేస్ మీద పాస్ సాగదు.

వైని ఇలా పరీక్షించండి. మీ దగ్గరున్న గట్టి డిఫెన్సివ్ ఎండ్‌ను అతని బయటి భుజం ఎదురుగా నిలబెట్టి, పూర్తి ప్యాడ్స్‌తో పది స్నాపులు ఆడించండి. వై ఒక యార్డు కన్నా వెనక్కి జరగకుండా రెండున్నర సెకన్లు నిలబెడితే అది గెలుపు. పదిలో ఏడు రాకపోతే అతన్ని అటాచ్డ్ (లైన్‌కి అతుక్కునే) టైట్ ఎండ్‌గా నమ్ముకోవద్దు. తప్పు ఎక్కువగా మొదటి అడుగులోనే ఉంటుంది: అడుగు 15 సెంటీమీటర్లకు మించి వేస్తే కాలు గాల్లో ఉండగానే దెబ్బ తగులుతుంది. చేతులు బయటికి పోయి ఎదుటివాడి భుజాలు పట్టుకుంటే హోల్డింగ్ (పట్టి ఆపడం) తప్పుకి ఫ్లాగ్ పడుతుంది, 10 యార్డులు పోతాయి.

ఎఫ్‌కి పరీక్ష వేరు. ఆరు యార్డుల దగ్గర లోపలికో బయటికో తిరిగే ఆప్షన్ రూట్‌ను సేఫ్టీ మీద పదిసార్లు పరుగెత్తించండి. ఆరుసార్లు ఒక చేయి దూరం ఖాళీ దొరికితే చాలు. తర్వాత కదులుతూ వచ్చి లైన్‌బ్యాకర్‌ని కొట్టగలడా చూడండి. నిలబడిన చోట బ్లాక్ చేయలేకపోయినా, పరుగు మీద వచ్చి తగలగలిగితే సగం పని అయినట్టే.

మేటి రిసీవర్ అన్న ముద్ర వేసే ముందు మూడు చూడాలి. ప్రెస్‌లో, అంటే ముఖం మీద నిలబడి చేతులతో ఆపే కార్నర్ మీద, లోపలికీ బయటికీ రెండు వైపులా తప్పించుకోగలడా? ఇద్దరు కమ్ముకున్నప్పుడు కనీసం మూడో డౌన్‌కి కావాల్సిన ఆరేడు యార్డులు తేగలడా? రెండు మూడు చోట్ల, అంటే బయటా స్లాట్‌లోనూ, నిలబడి ఆడగలడా? మూడోది లేనివాడిని ఆపడం తేలిక. ఎటు నిలబడతాడో ముందే తెలిస్తే ఆ వైపు సేఫ్టీని ముందే పంపేస్తారు.

నిలబెట్టే తీరు

ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధన ప్రకారం స్నాప్ వేళకి కనీసం ఏడుగురు లైన్ మీద ఉండాలి, లైన్ మీద ఉన్నవాళ్లలో రెండు చివర్ల వాళ్లకే పాస్ పట్టే అర్హత. ఇక్కడే రెండు టైట్ ఎండ్ల జట్లు ఎక్కువగా ఫ్లాగులు తెచ్చుకుంటాయి. ఐదుగురు లైన్‌మన్లు, ఒక చివర వై, రెండో చివర ఎక్స్: ఏడు పూర్తయింది. ఎఫ్ ఇక లైన్ మీదికి రాకూడదు, ఒక యార్డు వెనకే ఉండాలి. వై, ఎఫ్ ఇద్దరూ రెండు టాకిల్స్ పక్కన లైన్ మీద కూర్చుంటే అప్పుడు రిసీవర్లిద్దరూ వెనక్కి జరగాలి. ఎక్స్ అలవాటు కొద్దీ లైన్ మీదే నిలబడితే లోపలున్న టైట్ ఎండ్ ‘కవర్’ అయిపోతాడు, అతను బంతి పట్టడానికి ముందుకు పరుగెత్తితే ఫ్లాగు, 5 యార్డులు. ప్రతి స్నాప్‌కి ముందు రిసీవర్ చెయ్యెత్తి లైన్ జడ్జిని చూసి ‘నేను మీదా, వెనకా’ అని అడిగే అలవాటు చేయించండి.

మొదలుపెట్టడానికి మూడు అమరికలు చాలు. ఒకటి, రెండు వైపులా ఒక్కో టైట్ ఎండ్. డిఫెన్స్‌కి బలమైన వైపు ఏదో తెలియదు. రెండు, ఇద్దరూ ఒకే వైపు: వై టాకిల్ నుంచి రెండు మూడు అడుగుల ఎడంలో, ఎఫ్ వైకి ఒక యార్డు బయట, ఒక యార్డు వెనక. దీన్ని వింగ్ అంటారు. మూడు, వై లైన్ మీద, ఎఫ్ స్లాట్‌లో టాకిల్ నుంచి ఐదారు యార్డుల దూరంలో. మూడో అమరికలో మీరు 12తోనే ఉన్నా చూడ్డానికి 11లా ఉంటుంది.

ఒక అమరిక నుంచి ఇంకో అమరికకి మారేటప్పుడు ఇద్దరు లేక ఎక్కువమంది కదిలితే అందరూ ఆగి ఒక సెకను నిశ్చలంగా ఉండాలి. స్నాప్ వేళకి కదిలేది ఒక్కడే కావాలి, అతను లైన్ వైపు దూసుకురాకూడదు. ఎఫ్‌ని మోషన్‌లో (స్నాప్‌కి ముందు పక్కకి కదలడం) పంపడం నేర్పేటప్పుడు పిల్లలు చేసే పొరపాటు ఇదే: తొందరలో ఒక అడుగు ముందుకి పడుతుంది.

రన్: మూడు ప్లేలు చాలు

ఇన్‌సైడ్ జోన్ (లైన్ అంతా ఒక వైపు జరుగుతూ మధ్యలోంచి పరుగు), డ్యూయో, అవుట్‌సైడ్ జోన్ (అలాగే జరుగుతూ అంచు వైపు పరుగు). వీటికి మించి మొదటి నెలలో నేర్పకండి.

డ్యూయోలో రెండు డబుల్ టీములు (ఒక్కడిని ఇద్దరు కలిసి నెట్టడం) డిఫెన్సివ్ టాకిల్స్‌ను వెనక్కి నెడతాయి. బ్యాక్ తొందరపడకుండా మధ్య లైన్‌బ్యాకర్‌ని చూస్తూ నడుస్తాడు, అతను ఏ గ్యాప్‌లో దూరితే బ్యాక్ రెండోదాన్ని పట్టుకుంటాడు. ఇది పని చేయాలంటే వై ఒంటరిగా ఎండ్‌ను నిలబెట్టాలి. వై ఓడితే ప్లే ఒక యార్డుతో ముగుస్తుంది, నింద మాత్రం బ్యాక్ మీద పడుతుంది.

ఇన్‌సైడ్ జోన్‌కి ఎఫ్‌తో ఒక మెలిక చేర్చండి. లైన్ అంతా కుడికి జరుగుతుంది, కుడివైపున్న ఎఫ్ ఎడమకి అడ్డంగా వచ్చి అక్కడ ఖాళీగా వదిలేసిన ఎండ్‌ని కొడతాడు. దీన్ని స్ప్లిట్ జోన్ అంటారు. ఎఫ్ దారి లైన్‌మన్ల మడమలకి ఒక యార్డు లోపే ఉండాలి. అంతకన్నా లోతుగా వస్తే బ్యాక్‌కీ, క్వార్టర్‌బ్యాక్ చేతికీ అడ్డుపడి బంతి జారిపోతుంది. తగిలే చోటు ఎండ్ లోపలి భుజం. బయటి భుజానికి పోతే ఎండ్ లోపలి నుంచి జారి బ్యాక్‌ని వెనకనుంచి పట్టేస్తాడు.

రన్ పిలవాలా వద్దా అన్నదానికి లెక్క తేలిక. బాక్స్‌లో, అంటే టైట్ ఎండ్ల మధ్య లైన్‌కి ఆరేడు యార్డుల లోపు ఎంతమంది డిఫెండర్లున్నారో లెక్కపెట్టండి. 12లో మీ బ్లాకర్లు ఏడుగురు: ఐదుగురు లైన్, ఇద్దరు టైట్ ఎండ్లు. బాక్స్‌లో ఏడుగురు లేక తక్కువ ఉంటే రన్. ఎనిమిదో మనిషి వస్తే పాస్. 11లో ఈ గీత ఒకటి తగ్గుతుంది: ఆరుగురైతే రన్, ఏడుగురైతే పాస్. క్వార్టర్‌బ్యాక్‌కి హడిల్‌లోనే (ప్లేకి ముందు అందరూ గుమిగూడినప్పుడే) రెండు ప్లేలు చెప్పి పంపండి, లైన్ దగ్గర లెక్క చూసి ఒకటి ఉంచుకుంటాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్లే క్లాక్ 15 సెకన్ల దగ్గరికి రాగానే హెల్మెట్ రేడియో ఆగిపోతుంది, కాబట్టి లెక్కపెట్టడం క్వార్టర్‌బ్యాక్ తలకాయలో ఉండాల్సిందే.

ఎనిమిది గ్యాప్‌ల బలం ఎంతో చూడాలంటే 2019 బాల్టిమోర్ రేవన్స్‌ని చూడాలి. మార్క్ ఆండ్రూస్, నిక్ బోయిల్, హేడెన్ హర్స్ట్ అనే ముగ్గురు టైట్ ఎండ్లు, పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్. ఆ సీజన్‌లో జట్టు మొత్తం 3,296 యార్డుల రన్‌తో లీగ్ రికార్డు రాసింది. అందులో బోయిల్ పేరు ఎవరికీ పెద్దగా గుర్తుండదు, కానీ ఎండ్‌లను నిలబెట్టినవాడు అతనే.

పాస్: రన్‌లా మొదలవ్వాలి

12లో మంచి పాస్ అంటే మొదటి రెండు అడుగులు రన్‌లాగే కనిపించేది. స్ప్లిట్ జోన్‌లో ఎఫ్ అడ్డంగా వచ్చిన దారే ఇక్కడ అసలు ఎర. అదే దారిలో వచ్చి ఈసారి ఎండ్‌ని కొట్టకుండా పక్కనుంచి జారి ఫ్లాట్‌లోకి (లైన్‌కి దగ్గరగా, పక్క గీత వైపు ఉండే చోటు) పోతాడు. క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చినట్టు నటించి, అటే ఏడెనిమిది యార్డుల లోతుతో బూట్ తిరుగుతాడు (రన్‌కి ఎదురు దిశలో పక్కకి పరుగెత్తుతాడు). అతని ముందు మూడు అంతస్తులు: ఎఫ్ రెండు మూడు యార్డుల ఎత్తులో, అవతలివైపు నుంచి దాటి వచ్చే వై 10–12 యార్డుల దగ్గర, అటువైపు ఎక్స్ 16–18 యార్డుల దగ్గర. ఫ్లాట్ డిఫెండర్‌ని చూడాలి. అతను ఎఫ్ వెంట పడితే వైకి, వెనక్కి తగ్గితే ఎఫ్‌కి. ఎక్స్‌కి వేయాలని ఆశపడి ఆగితే వెనకనుంచి వచ్చే ఎండ్ కొడతాడు.

ఇక్కడ చెడిపోయేది ఎక్కువగా దూరాల వల్లే. ఎఫ్ నాలుగైదు యార్డుల దాకా పైకి పోతే, వై తొమ్మిది దగ్గరే దాటేస్తే, ఇద్దరి మధ్యా ఒకే డిఫెండర్ కాపలా కాయగలడు. శంకువులు పెట్టి నేర్పండి, నోటితో చెబితే రాదు.

రెండోది సీమ్ రూట్ల జంట. ఇద్దరు టైట్ ఎండ్లు రెండు వైపుల నుంచి నిలువుగా, హ్యాష్ గుర్తుకి (మైదానం మధ్య భాగంలో ఉండే చిన్న గీతల వరస) ఒకటి రెండు యార్డులు బయటగా పరుగెడతారు. ముగ్గురు లోతుగా ఉండే కవర్ 3లో మధ్య సేఫ్టీ ఒక్కడే, సీమ్‌లు రెండు. అతను ఎటు మొగ్గితే దానికి రెండో వైపు బంతి, 18–22 యార్డుల మధ్య దిగాలి. ఇద్దరు సేఫ్టీలు లోతుగా ఉండే కవర్ 2 కనిపిస్తే ఒక టైట్ ఎండ్ మధ్య లైన్‌బ్యాకర్ వెనక ఖాళీలోకి వంగాలి. నలుగురు లోతుగా ఉండే కవర్ 4లో సీమ్‌ని సేఫ్టీ మింగేస్తాడు, అక్కడ ఆరు యార్డుల దగ్గర ఆగి తిరగడమే మేలు. టైట్ ఎండ్ పరుగెడుతూ సేఫ్టీల్ని లెక్కపెట్టడం నేర్చుకోవాలి. ఒకడేనా, ఇద్దరా? ఇది రాని టైట్ ఎండ్‌కి పాస్ వేయడం గుడ్డి దెబ్బే.

పేట్రియాట్స్ పాఠం

రెండు టైట్ ఎండ్లా, మేటి రిసీవరా అన్న ప్రశ్నకి ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో నేరుగా జవాబులా నిలిచే జట్టు ఒకటుంది. పేట్రియాట్స్‌కి 2007లో రిసీవర్ రాండీ మాస్ ఒక్కడే 23 టచ్‌డౌన్ క్యాచ్‌లు పట్టాడు, అది రికార్డు. 2010 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని జట్లు వరసగా ఎంచుకునే కార్యక్రమం) అదే జట్టు రెండో రౌండులో టైట్ ఎండ్ రాబ్ గ్రాంకౌస్కీని, నాలుగో రౌండులో ఇంకో టైట్ ఎండ్ ఆరన్ హెర్నాండెజ్‌ని తీసుకుంది. ఆ అక్టోబరులో మాస్‌ని మిన్నెసోటాకి పంపేసింది. అప్పటికి 3–1తో (మూడు గెలుపులు, ఒక ఓటమి) ఉన్న జట్టు 14–2తో సీజన్ ముగించింది, క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీ 36 టచ్‌డౌన్లకి నాలుగే ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్లు పట్టేసిన పాస్‌లు) ఇచ్చాడు. ప్లేఆఫ్ తొలి ఆటలోనే జెట్స్ చేతిలో ఓడారన్నదీ నిజమే. 2011లో గ్రాంకౌస్కీ 1,327 యార్డులు, 17 టచ్‌డౌన్ క్యాచ్‌లు. హెర్నాండెజ్ 79 క్యాచ్‌లు, 910 యార్డులు.

ఇందులో నేర్చుకోవాల్సింది అంకెల వెనక ఉంది. హెర్నాండెజ్ ఒక స్నాప్‌లో లైన్ పక్కన, తర్వాతి స్నాప్‌లో స్లాట్‌లో, ఇంకోసారి బ్యాక్‌ఫీల్డ్‌లో కనిపించేవాడు. మనుషుల్ని మార్చకుండా హడిల్ లేకుండా ఆడితే డిఫెన్స్‌కి మార్చుకునే సమయం దొరకదు. అఫెన్స్ మార్చినప్పుడే ఎదుటివాళ్లకి మార్చుకునే వ్యవధి ఇవ్వాలని నిబంధన. మీరు మార్చకపోతే రిఫరీ ఆగడు. నికెల్‌లో ఇరుక్కున్నవాళ్ల మీద రన్, బేస్‌లో ఇరుక్కున్నవాళ్ల మీద పాస్, ఊపిరి తీసుకునే లోపు ఇంకో స్నాప్. వేగం లేని 12 సగం 12.

ఇంకో మాట: ఆ జట్టులో వెస్ వెల్కర్ అనే రిసీవర్ అదే 2011లో 122 క్యాచ్‌లు పట్టాడు. టైట్ ఎండ్లతోనే గెలిచారని చెప్పేవాళ్లు వెల్కర్‌ని మరిచిపోతుంటారు.

మేటి రిసీవర్ మీ దగ్గర ఉంటే

అతన్ని ఒకే చోట కట్టేయకండి. 2021లో రామ్స్ తరఫున కూపర్ కప్ 145 క్యాచ్‌లు, 1,947 యార్డులు, 16 టచ్‌డౌన్లతో మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడయ్యాడు, ఆ సీజన్ సూపర్ బౌల్‌లో ఎంవీపీ (మేటి ఆటగాడు) కూడా అతనే. అతన్ని ఎక్కువగా లైన్‌కి దగ్గరగా, స్లాట్‌లో, మోషన్‌లో వాడారు. దగ్గరగా నిలబడితే కార్నర్‌కి పక్క గీత సాయం పోతుంది, రిసీవర్‌కి రెండు వైపులా మైదానం ఉంటుంది. పైగా కప్ బ్లాక్ చేసేవాడు, అందుకే అతను దగ్గరికొచ్చాడంటే రన్నా పాసా తెలిసేది కాదు. ఆ రకంగా చూస్తే అతను సగం టైట్ ఎండే.

ఆచరణలో ఇలా చేయండి. మొదట అతన్ని ఒక్కడినే ఒక వైపు ఉంచి, మిగతా ముగ్గుర్ని రెండో వైపు పెట్టండి. సేఫ్టీ అతని వైపు వాలితే మూడు వైపున లెక్క మీకు అనుకూలం, అటే ఆడండి. వాలకపోతే ఒంటి కార్నర్ మీద అతనికే. రెండోసారి అదే ప్లేలో అతన్ని మోషన్‌లో రెండో వైపుకి పంపండి: ఒక డిఫెండర్ వెంట పరుగెత్తితే మ్యాన్, అందరూ ఒక్కో అడుగు జరిగితే జోన్ (ఒక్కొక్కరు ఒక్కో చోటుని కాసే పద్ధతి). ఈ సమాచారం కోసమే మోషన్.

తప్పు ఎక్కడంటే, మూడో డౌన్ 7 యార్డుల దగ్గర. అప్పుడు ఎదుటివాళ్లు ఒకడిని లోపల, ఒకడిని బయట పెట్టి అతన్ని మూసేస్తారు. అయినా క్వార్టర్‌బ్యాక్ అతని వైపే చూస్తాడు. దీనికి మందు ముందే వేయాలి: మూడో డౌన్ ప్లేల్లో కనీసం సగం వాటిలో మొదటి చూపు వేరేవాడి మీద ఉండేలా రాసుకోండి.

రెండూ కలిపి

నా మాట అడిగితే, రెండు టైట్ ఎండ్లున్న జట్టుకి మేటి ఎక్స్ దొరకడం కన్నా మంచి కలయిక లేదు. వై, ఎఫ్, జడ్ ముగ్గుర్నీ ఒక వైపు పెట్టి, ఎక్స్‌ని రెండో వైపు ఒంటరిగా వదలండి. రన్ బలం ఒక వైపు, భయం రెండో వైపు. సేఫ్టీ ఎటు అడుగు వేస్తే దానికి ఎదురుగా బంతి. ఇంత తేలిక ప్రశ్న క్వార్టర్‌బ్యాక్‌కి ఇంకే అమరికా ఇవ్వదు.

అలాగని మేటి రిసీవర్‌ని కొనడానికి ఉన్నదంతా ఊడ్చిపెట్టాలా అంటే వద్దు. 2022 మార్చిలో కాన్సాస్ సిటీ చీఫ్స్ తన మేటి రిసీవర్ టైరీక్ హిల్‌ని మయామికి ఇచ్చి ఐదు డ్రాఫ్ట్ పిక్‌లు తీసుకుంది. ఆ సీజన్‌లో టైట్ ఎండ్ ట్రావిస్ కెల్సీ 110 క్యాచ్‌లు పట్టాడు, నోవా గ్రే వంటి రెండో టైట్ ఎండ్లతో గుంపులు పెరిగాయి, జట్టు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసి ఫైనల్‌లో ఈగిల్స్‌ని 38–35తో ఓడించింది. కెల్సీ లేని జట్టు ఇదే పని చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

మొదటి పదిహేను ప్లేలు

ఆట ముందే మొదటి 15 ప్లేలు రాసిపెట్టుకునే పద్ధతి కోచ్ బిల్ వాల్ష్ కాలం నుంచీ ఉంది. 12 ఆడేవాళ్లకి అది పరీక్షా పత్రం లాంటిది. అందులో కనీసం ఆరు 12తో పెట్టండి, మూడు అమరికల్లో రెండేసి. పక్క గీత దగ్గర ఒకరిని కాగితంతో నిలబెట్టి ఒక్కో స్నాప్‌కి నాలుగు రాయించండి: డౌన్, దూరం, ఎదుటివాళ్లు బేసా నికెలా, లోతుగా ఉన్న సేఫ్టీలు ఒకడా ఇద్దరా. రెండో సిరీస్ (బంతి మీ చేతికొచ్చిన రెండో వంతు) ముగిసేసరికి వాళ్ల నిర్ణయం బయటపడుతుంది. 12కి నికెల్ పంపుతున్నారంటే మీ రన్‌ని నమ్మడం లేదు: డ్యూయో, మళ్లీ డ్యూయో. బేస్ పంపుతున్నారంటే ఎఫ్‌ని స్లాట్‌కి పంపి ఏ లైన్‌బ్యాకర్ వెంట వెళ్తున్నాడో చూసి అతని మీదే ఆడండి.

మీ సొంత కాగితం కూడా చూసుకోవాలి. 12తో మొదటి డౌన్‌లో పదికి ఏడు కన్నా ఎక్కువ రన్‌లు పడుతుంటే రెండో టైట్ ఎండ్ గట్టు మీద నుంచి పరుగెత్తుకు రాగానే ఎదుటివాళ్లు ‘రన్’ అని అరుస్తారు. ఆరు దగ్గర ఆపండి.

ఎండ్ జోన్ (టచ్‌డౌన్ చేసే చివరి పట్టీ) దగ్గరికి వస్తే, 10 యార్డుల గీత నుంచి మీకు మిగిలేది మొత్తం 20 యార్డుల లోతే. లోతుగా పరుగెత్తే వేగానికి అక్కడ విలువ పడిపోతుంది, ఎత్తుకీ వీపు అడ్డుపెట్టి బంతి పట్టే బలానికీ పెరుగుతుంది. 12, 13 అక్కడికి సరిగ్గా సరిపోతాయి. చివరి రెండు నిమిషాల ఆటలో, 10 పాయింట్లు వెనకబడినప్పుడు, మూడో డౌన్‌లో 8 యార్డులు దాటి కావాల్సినప్పుడు 11కి మారిపోండి, పట్టుదలకి పోవద్దు.

ప్రాక్టీసు వారం

శుక్రవారం రాత్రి ఆట ఉండే హైస్కూల్ జట్టుకి: సోమవారం 20 నిమిషాలు నడకలోనే మూడు అమరికలు, ఎవరు లైన్ మీద ఎవరు వెనక. మంగళవారం 15 నిమిషాలు లోపలి రన్ మాత్రమే, వైకి ఎదురుగా మీ గట్టి ఎండ్. బుధవారం ఆ రన్‌ల నుంచే బూట్, సీమ్‌లు. రన్ తర్వాత వెంటనే దాని జంట పాస్, రెండూ ఒకేలా మొదలవుతున్నాయో లేదో వీడియోలో పక్కపక్కన పెట్టి చూడండి. గురువారం ప్యాడ్స్ లేకుండా మనుషుల్ని మార్చే డ్రిల్: ‘11’ అనగానే 10 సెకన్లలో ఎఫ్ బయటికి, మూడో రిసీవర్ లోపలికి. మైదానంలో 12 మంది ఉండిపోతే 5 యార్డులు పోతాయి, అది ఈ డ్రిల్ మానేసినవాళ్లకే జరుగుతుంది.

వై గాయపడితే

ఈ పద్ధతికి పెద్ద బలహీనత ఇదే. 2011 సీజన్‌లో గ్రాంకౌస్కీ చీలమండ కాన్ఫరెన్స్ ఫైనల్‌లో (సూపర్ బౌల్‌కి ముందు ఆట) బెణికింది. రెండు వారాల తర్వాత సూపర్ బౌల్‌లో కుంటుతూనే ఆడి 2 క్యాచ్‌లు, 26 యార్డులు తెచ్చాడు, జట్టు 21–17తో ఓడింది. రిసీవర్లు ఐదారుగురు ఉంటారు, బ్లాక్ చేసే టైట్ ఎండ్లు అంతమంది దొరకరు. అందుకే మూడో టైట్ ఎండ్‌ని పూర్తిగా బ్లాకింగ్ కోసమే పెంచుకోవాలి. 2010లో పేట్రియాట్స్ ఇద్దరు కుర్రాళ్లతో పాటు ఆల్జీ క్రంప్లర్ అనే అనుభవజ్ఞుడిని ఉంచుకున్నది ఇందుకే. అతనూ లేకపోతే ఆరో లైన్‌మన్‌ని వై చోట కూర్చోబెట్టండి, డ్యూయో, స్ప్లిట్ జోన్ రెండూ మార్పు లేకుండా నడుస్తాయి. కాకపోతే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 50 నుంచి 79 దాకా నంబరున్న ఆటగాడు ఆ చివర కూర్చునే ముందు రిఫరీ దగ్గరికి వెళ్లి, ఛాతీ మీద చేతులు పైకీ కిందికీ రుద్ది, నేను అర్హుడిగా ఆడుతున్నానని చెప్పాలి. ప్రతి స్నాప్‌కీ ఆ పని గుర్తు చేసేందుకు పక్క గీత దగ్గర ఒక అసిస్టెంట్ కోచ్‌ని పెట్టండి, మరిచిపోతే 5 యార్డులు పోతాయి.